తడి చెయ్యి

పొద్దున లేవగానే శంకరవ్వ చేసే మొదటి పని మంచం కింది గిన్నె తీసి పారబోయడం. రాత్రి పడుకునేటప్పుడు కుడి చెయ్యి మంచం పట్టె మీంచి కిందికి జారవిడిచి, వేళ్ల కింద ఒక సత్తు గిన్నె పెట్టుకుంటుంది. తెల్లారేసరికి అది సగానికి నిండుతుంది. ఆ నీళ్లను పెరట్లో ఒక మూలకు పారబోస్తుంది. అక్కడ గడ్డిపోచ కూడా మొలవదు. తర్వాత వాకిలి ఊడ్చి, పొయ్యి మీద చాయ పెట్టి, తునికాకు కట్ట విప్పుకుని అరుగు మీద కూర్చుంటుంది.

మూడేళ్లుగా ఆ చెయ్యి ఆరలేదు. మెట్‌పల్లికి ఆటోలో పావుగంట దూరంలో ఉన్న ఆ ఊళ్లో దీన్ని ఎవరూ వింతగా చెప్పుకోరు. ఒకరికి మోకాళ్ల నొప్పులు, ఒకరికి షుగరు, శంకరవ్వకు తడి చెయ్యి. రేషన్ దుకాణంలో వేలిముద్ర మిషన్ ఆమె కుడి బొటనవేలును ఒప్పుకోదు కాబట్టి, డీలరు హనుమండ్లు ముందే "ఎడమది పెట్టక్కా" అంటాడు. బస్సెక్కితే పక్కన కూర్చున్నవాళ్లు చీర కుచ్చిళ్లు సర్దుకుని కొంచెం జరుగుతారు. అన్నంలో ఆమె ఉప్పు వేసుకోవడం మానేసింది, అవసరం పడదు. కరీంనగర్‌లో చర్మం డాక్టరు ఒకాయన తెల్లటి పౌడరు రాసిచ్చాడు. ఇంటికొచ్చి చల్లుకుంటే అరచేతిలో సున్నం కలిపినట్టు ముద్దయింది. "గీ డబ్బతోని గోడకు పూత పెట్టుకుందాం వదినె" అని జమున అంటే ఇద్దరూ నవ్వారు. మళ్లీ ఆ ఇంట్లో ఇద్దరూ కలిసి నవ్విన రోజు లేదు.

జమున ఆమె తమ్ముడు రంజిత్ భార్య. ఒకే వాకిలి, రెండు అర్రలు. ఒకదాంట్లో శంకరవ్వ, రెండోదాంట్లో జమున, తొమ్మిదేళ్ల కూతురు దీపిక. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు పోతే శంకరవ్వ పుట్టింటికి తిరిగొచ్చి, తల్లి లేని తమ్ముణ్ని ఒళ్లో వేసుకుని సాకింది. వాడికి మీసాలొచ్చాయి, పెళ్లయింది, బిడ్డ పుట్టింది, గల్ఫ్‌కు పోయాడు. అక్కణ్నుంచి శవమై డబ్బాలో వచ్చాడు.

ఆ ఊళ్లో ఆడవాళ్ల ఒళ్లో పిల్లలు దిగగానే చాట ఎక్కుతుంది. అందరూ బీడీలు చేసేవాళ్లే. తడి చెయ్యి తంబాకులో పెడితే పాడవుతుంది కాబట్టి శంకరవ్వ ఇప్పుడు బీడీ చుట్టలేదు. కానీ ఎండిన తునికాకును మెత్తబరచాలంటే ఆమెను మించినవాళ్లు లేరు. అందరూ ఆకును నీళ్లలో ముంచి, తడి గోనెలో చుట్టి గంటలు గంటలు ఆగాలి. ఆమె ఒక్కసారి కుడి చేత్తో నిమిరితే చాలు. మెత్తబడ్డ ఆకును కత్తిరించి జమున ముందు పెడుతుంది. జమున తంబాకు పోసి, చుట్టి, దారం కడుతుంది. ఒకరు లేకపోతే ఒకరికి పని సాగదు. ఒకరికొకరు ఎదురుగా కూర్చుని మూడేళ్లుగా ఇదే పని.

చుట్టేటప్పుడు జమున అప్పుడప్పుడు ఒక మాట అంటుంది. శంకరవ్వతో కాదు, చేతిలో ఉన్న ఆకుతో అన్నట్టు అంటుంది.

"పోయేముందు నాతోని ఒక్క మాట మాట్లాడకపాయె. పెండ్లాం యాదికి రాలే, బిడ్డ యాదికి రాలే. గసుంటోనికి నేనెందుకు ఏడ్వాలె?"

నిజంగానే ఆమె ఏడవలేదు. శంషాబాద్ నుంచి అంబులెన్స్‌లో డబ్బా వచ్చిన రోజు ఊరంతా గుండెలు బాదుకుంటే, జమున స్తంభానికి ఆనుకుని పొడి కళ్లతో చూసింది. ఆ తర్వాత కూడా ఒక్క చుక్క రాల్చలేదు. ఉల్లిగడ్డ కోసినా ఆమె కళ్లలో నీళ్లు రావు. దుఃఖం గొంతులో అడ్డం పడ్డదని ముసలివాళ్లు అన్నారు. జమున ఆ మాట అన్నప్పుడల్లా శంకరవ్వ తల వంచుకుని, కత్తెర ఇంకా గట్టిగా ఆడిస్తుంది. ఆమె వేళ్ల చివర్ల నుంచి చుక్కలు ఆ రోజు కొంచెం ఎక్కువ పడతాయి.

ఎందుకంటే రంజిత్ మాట్లాడాడు. చివరి రోజు మధ్యాహ్నం ఫోన్ చేశాడు. శంకరవ్వకే చేశాడు.

అప్పుడామె బీడీల కార్ఖానాలో వరసలో నిలబడి ఉంది. చెకర్ సాంబయ్య ఆమె ముందున్నామె కట్టలు చూస్తున్నాడు, తరువాతి వంతు ఆమెదే. భుజానికీ చెవికీ మధ్య ఫోన్ ఇరికించుకుని, చేతుల్లో చాట పట్టుకుని మాట్లాడింది. గుండెల్లో బరువుగా ఉందన్నాడు, ఊపిరి ఆడనట్టుందన్నాడు. "ఎండ తాకింది తీయ్. నీళ్లు తాగి పండుకో" అంది. వాడు ఇంకో మాట కూడా చెప్పాడు. "సరే సరే" అని పెట్టేసింది. సాంబయ్య ఆ రోజు సగం బీడీలు బాగా లేవని పక్కకు తీశాడు. ఆయనతో కొట్లాడి, ఆ కోపంలోనే ఇంటికొచ్చి, వండుకుని తినేసరికి తమ్ముడు చెప్పిన మాట ఎటో పోయింది. గుర్తొచ్చేసరికి చీకటి పడింది. ఇప్పుడు పడుకుని ఉంటాడులే, పొద్దున చూద్దాం అనుకుంది. పొద్దున వాడి పక్క మంచం వాడు ఫోన్ చేశాడు.

వాడి ఫోన్ అక్కణ్నుంచి తిరిగి రాలేదు. శంకరవ్వ తన ఫోన్‌ను బట్టల అడుగున పెట్టి మళ్లీ తీయలేదు. కాటికాడ అందరితోపాటు తమ్ముడి నోట్లో చేత్తో నీళ్లు పోసింది. ఆ చెయ్యే అప్పట్నుంచి ఆరలేదు.

ఆ ఏడాది పక్కింటి మమతారాణి ఆమెను మెట్‌పల్లిలో ప్రార్థనకు తీసుకుపోయింది. రేకుల షెడ్డు, కింద కూర్చోవడానికి పరిచిన పరదాలు, ముందర చెక్క సిలువ. మొదట్లో శంకరవ్వ పాటల కోసం పోయింది. తర్వాత, చేయని తప్పులకు కొట్టించుకుని, కొట్టినవాళ్లను క్షమించిన ఆ మనిషి కథ ఆమెను వదల్లేదు. బాప్తిస్మం తీసుకుంది. ఆ రోజు నీళ్లలో మునిగి లేచినవాళ్లు తొమ్మిదిమంది. ఎండలో నిలబడి ఎనిమిదిమంది ఆరారు, ఆమె కూడా ఆరింది, ఒక్క చెయ్యి తప్ప.

కానీ ఆ షెడ్డు లోపల కూర్చోదు. దర్వాజా దగ్గరే, చెప్పుల పక్కన కూర్చుంటుంది. నెలకు ఒకసారి మొదటి ఆదివారం, ప్రభువు బల్ల నాడు, రొట్టె పళ్లెం వచ్చినప్పుడు "నా చెయ్యి తడి అయ్యగారూ, రొట్టె నానిపోతది" అని పక్కవాళ్ల వైపు జరిపేస్తుంది. రెండేళ్లలో ఒక్కసారి కూడా తీసుకోలేదు.

పాస్టరు అంబదాస్ ఆదిలాబాద్ దిక్కు మనిషి. ముప్పై ఏళ్లు ఆర్టీసీలో కండక్టరు చేసి, దిగిపోయాక ఈ పని ఎత్తుకున్నాడు. ఆడవాళ్లందరినీ 'బాయీ' అంటాడు, వాక్యం చెప్పేటప్పుడు కూడా మధ్య మధ్య 'జరగండి, జరగండి' అనడం ఆయనకు అలవాటు. ఒక శనివారం మధ్యాహ్నం శంకరవ్వ షెడ్డు తుడవడానికి పోయింది. తుడవడానికి ఆమెకు బకెట్ అక్కర్లేదు, గుడ్డ చాలు. ఆయన పరదాలు దులుపుతున్నాడు.

"రేపు బల్ల ఉన్నది బాయీ. రేపన్న లోపలికొస్తవా?"

"నా చెయ్యి..."

"గా చెయ్యి ముచ్చట నాకు చెప్పకు. ఫుట్‌బోర్డు మీద యేలాడేటోళ్లను మస్తు చూసిన నేను. లోపల సీట్లు ఖాళీగుంటయ్, చేతిల టికెట్టుంటది, ఐనా రారు. నీ టికెట్టు ఇంకొకాయన కొట్టిచ్చిండు. పానం పెట్టి కొట్టిచ్చిండు. నువ్వింక దర్వాజ కాడ యేలాడుడేంది?"

శంకరవ్వ గుడ్డ కింద పెట్టి కూలబడింది. మూడేళ్లుగా ఎవరికీ చెప్పని మాటను, కార్ఖానా వరస దగ్గర మొదలుపెట్టి, పొద్దుటి ఫోన్ దాకా చెప్పింది. చెప్తున్నంతసేపూ చెయ్యి కారుతూనే ఉంది. పరదా అంచు తడిసింది. అంబదాస్ దాన్ని జరపలేదు.

"నా తమ్ముణ్ని నేనే సంపుకున్న అయ్యగారూ."

"నీళ్లు తాగి పండుకోమన్నవ్. నాకు జరమొస్తె మా అవ్వ సుత గదే అంటుండె. తమ్మునికి అక్క గంతకన్న ఏమంటది? నీకు తెల్సి అన్లే గద. ఐనా గది పాపమే అనుకుందాం. గా పాపం ఆయన మోసుకపోయిండని నువ్వే పాట పాడుతవ్ గద. మోసుకపోయిన మూటను మళ్ల గుంజుకొచ్చి నెత్తిన పెట్టుకుంటున్నవ్. ఎందుకు బాయీ?"

ఆమె తడిసిన పరదా అంచును కొంగుతో ఒత్తింది. తర్వాత నేలను చూస్తూ అంది.

"మోసుకపోతె నాకేం మిగుల్తది? వానిది నా కాడ ఉన్నది గీ తడి ఒక్కటే. గీ చెయ్యి ఆరిందంటె రంజిత్ పోయినట్టే అయ్యగారూ."

ఈ మాటకు ఏ పాస్టరైనా వాక్యం వెతుక్కుంటాడు. అంబదాస్ వెతుక్కోలేదు, పరదా మడత మీద కూర్చున్నాడు.

"నాదొక ముచ్చట ఇను. ఆసిఫాబాద్ రూట్ల ఉన్నప్పుడు ఒకాయన మందుల పొట్లం ఇచ్చిండు. ఫలాన స్టేజి కాడ మా అవ్వ నిలవడ్తది, ఆమె చేతిలియ్యమన్నడు. గా దినం బస్సు నిండ మంది. మర్శిన. డిపోకొచ్చి చూస్తె పొట్లం సంచిలనే ఉన్నది. తెల్లారి ఇద్దామనుకున్న, సిగ్గు షరమైంది. వారమైతె ఇంక షరమైంది. ఎనిమిది నెలలు పెట్టుకున్న బాయీ. గా స్టేజి వస్తె మొకం అటు తిప్పుకునేటోణ్ని."

"ఇచ్చిన్రా మరి?"

"ఇచ్చిన. ముసలామె లేదు, సచ్చిపోయింది. కొడుకున్నడు. అంగి గల్ల పట్టిండు, తిట్టిండు. పొట్లం మాత్రం తీస్కున్నడు. నన్ను దేవుడు మాఫ్ చేసిండు, గది నాకెరుకే. కాని గా పొట్లం నాది గాదు. ఆలశ్యమైందని పరాయోళ్ల సామాన్ మనదైతదా?"

శంకరవ్వ తలెత్తింది.

"నీ తమ్ముడు ఇంకో మాట చెప్పిండంటివి. గది ఎవలది?"

"జమునది."

"ఐతే రేపు రొట్టె తీస్కో. ఆరినంక గాదు, గీ తడి చేత్తోనే తీస్కో. తీస్కొని ఇంటికి వోయి, ఎవల మాట వాళ్లకియ్యి. తిడితె పడు."

మరునాడు పళ్లెం దర్వాజా దాకా వచ్చింది. శంకరవ్వ చెయ్యి చాపింది. రొట్టె ముక్క అరచేతిలో పడగానే నానింది. పళ్లెం కింది తెల్ల గుడ్డ మీద రెండు చుక్కలు పడ్డాయి. ఎవరూ పట్టించుకోలేదు. మమతారాణి మాత్రం పాట మధ్యలో ఆగి, మళ్లీ అందుకుంది. నానిన రొట్టె చెయ్యి దాటి జారిపోతుందేమోనని శంకరవ్వ తొందరగా నోట్లో వేసుకుంది. ఉప్పగా ఉంది. కళ్లు మూసుకుని, ప్రభువా, నువ్వు మాఫ్ చేసినవని నమ్ముతున్న, నాకు నమ్ముడు చాతనైతలేదు గాని నమ్ముతున్న, అనుకుంది. కళ్లు తెరిచి చెయ్యి చూసుకుంది. ఎప్పటిలాగే కారుతోంది. ఆరుతుందని అనుకుని కాదు, కానీ చూసుకుంది. ఆ రోజు చెప్పుల పక్కనుంచి లేచి మిగతా ప్రార్థనంతా లోపల పరదా మీద కూర్చుంది.

ఇంటికొచ్చేసరికి జమున అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని ఉంది. దీపిక ఆడుకోవడానికి పోయింది. శంకరవ్వ చెప్పులు విడవకుండానే ఎదురుగా కూర్చుంది. ఇంకో నిమిషం ఆగితే ఇంకో మూడేళ్లు ఆగుతుందని ఆమెకు తెలుసు.

"జమునా, రంజిత్ గా దినం ఫోన్ చేసిండు."

"ఏ దినం?"

"ఆకరి దినం."

జమున వేళ్లు దారం దగ్గర ఆగాయి. "ఎవలకు?"

"నాకు. గుండెల బరువున్నదన్నడు. నీళ్లు తాగి పండుకొమ్మన్న. నీకొక మాట చెప్పమన్నడు. నీ ఫోన్ కలుస్తలేదంట. నువ్వు గప్పుడు జమ్మికుంటల మీ అవ్వోళ్లింట్ల ఉన్నవ్. ఒక్కసారి నాకు చెయ్యమని చెప్పక్కా అన్నడు. మీ అవ్వ ఫోన్‌కు చేసి చెప్పాలె, నేను మర్శిన. తెల్లారి వాడే లేడు. తర్వాత చెప్పనీకి నాకు నోరు రాలే."

చాట బోర్లపడింది. తంబాకు అరుగంతా చెదిరింది. జమున లేచి నిలబడి వదినె వైపు చూసింది. ఆ చూపులో కోపం కంటే ముందు ఇంకేదో ఉంది, దారి తప్పినవాళ్ల చూపులాంటిది.

"మూడేండ్లు" అంది. "మూడేండ్లు ఆయన్ను తిట్టుకుంట పండుకున్న. నువ్వు పక్క అర్రల నుంచి ఇన్నవ్. ఎదురుంగ కూసోని ఆకు కత్తిరిచ్చుకుంట ఇన్నవ్."

లోపలికి పోయి తలుపేసుకుంది.

పదకొండు రోజులు మాటల్లేవు. పని మాత్రం ఆగలేదు, ఆగితే పొయ్యి ఆగుతుంది. పొద్దున జమున ఆకు కట్టను శంకరవ్వ గడప ముందు పెట్టిపోయేది. మధ్యాహ్నానికి శంకరవ్వ కత్తిరించిన ఆకును జమున గడప ముందు పెట్టేది. దీపిక ఇద్దరి మధ్యా తిరిగి తిరిగి, ఏమీ అర్థం కాక, ఇద్దరితోనూ అలిగింది. శంకరవ్వకు పశ్చాత్తాపం తగ్గలేదు. ముందే చెప్పి ఉంటే అనే మాట రోజుకు పదిసార్లు గుండెలో గుచ్చుకునేది. కానీ ఇదివరకటిలా నేను మనిషినే కాదు అనుకోవడం మానింది. తప్పు చేసిన మనిషిని, అంతే. ఈ రెండింటికీ మధ్య ఎంత దూరముందో ఆ పదకొండు రోజుల్లోనే ఆమెకు తెలిసింది.

పన్నెండో రోజు మధ్యాహ్నం కరెంటు పోయింది. అర్రలో ఉడికిపోతుంటే శంకరవ్వ అరుగు మీదికొచ్చింది. కొంచెం సేపటికి జమున కూడా తలుపు తీసుకుని వచ్చి, ఖాళీ చాట ముందేసుకుని ఎదురుగా తన చోట్లో కూర్చుంది.

"మళ్లొకసారి చెప్పు. ఆయన అన్నది అన్నట్టు చెప్పు. నీ మాటలు కలుపకు."

శంకరవ్వ గొంతు సవరించుకుంది. "'జమున ఫోన్ కలుస్తలేదక్కా. ఒక్కసారి నాకు చెయ్యమను. దాని మాట ఇనాలనిపిస్తుంది.'"

"జమున మాట అన్నడా, దాని మాట అన్నడా?"

"దాని మాట అన్నడు."

"నవ్వుకుంట అన్నడా?"

అవునని అంటే ఎంత బాగుండు. శంకరవ్వకు ఆ ఆశ పుట్టింది. "లేదు జమునా. దగ్గుకుంట అన్నడు" అంది.

జమున తలూపింది. ఆ దగ్గు ఆమెకు తెలుసు. తర్వాత ముందుకు వంగి, శంకరవ్వ కుడి చెయ్యి పట్టి గుంజి ఒళ్లో పెట్టుకుంది. కొంగు తీసి తుడిచింది. ప్రేమగా ఏం కాదు. మట్టిలో ఆడొచ్చిన పిల్ల చెయ్యి విసుగ్గా తుడిచినట్టు, వేలు వేలుకూ మధ్య, గోళ్ల చుట్టూ, మణికట్టు దాకా తుడిచింది. కొంగు నానింది. చెయ్యి ఆరింది. మళ్లీ తడవలేదు.

అప్పుడు జమున కళ్లలోంచి మొదటి చుక్క రాలి బోసి చాట మీద టప్పుమని పడింది. దాని వెనక ఇంకొకటి. తర్వాత లెక్క లేదు. మూడేళ్ల కింద వినపడాల్సిన ఏడుపు ఆ వాడకట్టులో ఆ మధ్యాహ్నం వినపడింది. పేరు పెట్టి పిలుస్తూ, తిట్టిన తిట్లన్నీ ఒక్కొక్కటే వెనక్కి తీసుకుంటూ ఏడ్చింది. ఇళ్లలోంచి ఆడవాళ్లు బయటికొచ్చారు. ఎందుకని ఎవరూ అడగలేదు. వచ్చి చుట్టూ కూర్చున్నారు. మమతారాణి దీపికను ఒళ్లోకి తీసుకుంది.

శంకరవ్వ తన అరచెయ్యి చూసుకుంటూ ఉండిపోయింది. గీతలు కనిపించాయి. నానీ నానీ తెల్లబడిన చర్మం ముడతలు పడి ఉంది, ముసలిదాని చెయ్యిలా. తేలికగా ఉంది, ఖాళీగా కూడా ఉంది. తమ్ముడు పోయాడు. ఇవాళ పోయాడు. దేవుడు మాఫ్ చేశాడని ఆమె పన్నెండు రోజుల కిందే నమ్మింది, చెయ్యి ఇవాళ నమ్మింది. అయినా ఆ ఖాళీ అరచేతిని చూస్తే ఆమెకూ ఏడుపొచ్చింది.

పొద్దుగూకే వేళకు అందరూ లేచి పోయారు. జమున కళ్లు ఉబ్బి ఉన్నాయి. గోడకు ఆనుకుని అంది.

"నిన్ను మాఫ్ చేసిన్నో లేదో నాకింక తెల్వది వదినె."

"తెల్వకున్న మంచిదే" అంది శంకరవ్వ.

తెల్లవారి మంచం కింద గిన్నె ఎండిపోయి ఉంది. అయినా అలవాటుగా పెరటి మూలకు తీసుకుపోయి బోర్లించి వచ్చింది. మధ్యాహ్నం అన్నం పెట్టుకుని మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంటే చప్పగా ఉంది. మూడేళ్లుగా ఆమె అర్రలో ఉప్పు డబ్బా లేదు. చెయ్యి కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, వాకిలి దాటి జమున గడప దగ్గర నిలబడింది.

"జమునా, జర ఉప్పుంటె పెట్టు."

జమున ఉప్పు కుండ తెచ్చింది. ఉప్పు చేతికిస్తే పోట్లాటలవుతాయంటారు, ఎవరైనా కింద పెట్టే ఇస్తారు. జమున గిన్నె కోసం ఒకసారి అటూ ఇటూ చూసింది. తర్వాత, కావాల్సిన పోట్లాట అయిపోయింది కదా అనుకుందో ఏమో, పిడికెడు రాళ్లుప్పు తీసి శంకరవ్వ కుడి అరచేతిలో పోసింది.

శంకరవ్వ పిడికిలి మూసుకుని వాకిలి దాటి, తన అర్రలోకి వచ్చి, కంచం ముందు కూర్చుని తెరిచి చూసింది. ఉప్పు ఒక్క రాయి కూడా కరగలేదు.